జరగని వాటి పుస్తకం

గిన్నెలు తోమేముందు సింకులో తువ్వాలు పరవాలి. పాత తువ్వాలు నాలుగు మడతలు వేసి, మూలల దాకా నొక్కి పరవాలి. అప్పుడు గిన్నె చెయ్యి జారినా చప్పుడు రాదు. కొళాయి సన్నగా తిప్పాలి. ధార గట్టిగా వస్తే గిన్నె మీద పడి మోగుతుంది. చెంచాలన్నీ ఒక్కసారే పోగేసి తోమకూడదు. ఒక్కొక్కటి తోమి, ఒక్కొక్కటి గుడ్డ మీద పెట్టాలి. పది నిమిషాల పని అరగంట పడుతుంది. ఆమె నాలుగేళ్ళుగా ఇలాగే తోముతోంది. ఇలా తోమమని ఎవరూ చెప్పలేదు. చెప్పకుండా చేసుకుపోయే పనిని ఎవరూ వద్దనరు కూడా.

ఆమె భర్త వెనక గదిలో ఉంటాడు. కుర్చీ గోడకి ఆనించి, తలుపుకి ఎదురుగా వేసుకుంటాడు. పదిహేడేళ్ళు సైన్యంలో పనిచేసి, నాలుగేళ్ళ కిందట ఇంటికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయి. ఒంటి మీద ఎవరికైనా చూపించడానికి ఒక్క గాటు లేదు. అదే చిక్కు. గాటు ఉంటే చుట్టాలు వచ్చి చూసి, అయ్యో అని, పళ్ళు చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళు. ఏమీ లేకపోయేసరికి వచ్చినవాళ్ళంతా, మీ ఆయన అదృష్టవంతుడమ్మా అని ఆమెనే అభినందించి వెళ్ళారు.

వచ్చిన మూడో నెలలో వీధిలో లారీ టైరు పేలింది. పాపకి అప్పుడు ఐదేళ్ళు. గుమ్మంలో కూర్చుని ఆడుకుంటోంది. ఆయన ఒక్క అంగలో వచ్చి, పాపని మంచం కిందికి తోసి, తనూ దూరి, పాప మీద పడుకున్నాడు. బిడ్డని కాపాడుకుంటున్నాడు. ఎవరి నుంచో ఆయనకే తెలుసు. అరగంట దాకా లేవలేదు. లేచేసరికి పాప ఎడమ చెయ్యి మోచేతి దగ్గర విరిగి ఉంది. ఆస్పత్రిలో ఎలా విరిగిందని అడిగితే, అందరికంటే ముందు అత్తగారు నోరు తెరిచి, "మెట్ల మీంచి పడింది" అంది. వాళ్ళ ఇంటికి మెట్లే లేవు.

ఆ రోజు నుంచి ఆమె చప్పుళ్ళ వెంట పడింది. ఏ చప్పుడు ఎక్కడ పుడుతుందో, ఎన్ని గంటలకి పుడుతుందో కనిపెట్టి, పుట్టకముందే వెళ్ళి దాని నోరు మూసేది. పక్కింటాయన పొద్దున్నే ఆరింటికి మోటారు సైకిలు తీస్తాడు. దాన్ని వీధి చివరి దాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్టు చేసుకోమని ఆమె వెళ్ళి బతిమాలింది. "మీ ఆయన చేసిన యుద్ధానికి నా బండికి శిక్షా?" అన్నాడు ఆయన. అన్నాడు గానీ తోసుకెళ్ళాడు. ఇప్పటికీ తోసుకెళ్తూనే ఉన్నాడు. ఆమె ఎదురుపడితే మాత్రం ముఖం తిప్పుకుంటాడు. పలకరింపు పోయింది, చప్పుడూ పోయింది. ఆమె ఆ బేరానికి ఒప్పుకుంది.

ఆయన వెనక నుంచి వెళ్ళకూడదు. గదిలోకి వెళ్ళాలంటే వసారాలోనే మొదలుపెట్టి, "వస్తున్నా, నేనే" అంటూ వెళ్ళాలి. నాలుగేళ్ళకి ఆ మాట ఆమె నోటికి అతుక్కుపోయింది. ఆమె ఒక బట్టల కార్ఖానాలో ఇస్త్రీ చేస్తుంది. పొద్దున ఏడు నుంచి మూడు దాకా. అక్కడ ఎనభై కుట్టు మిషన్లు ఒక్కసారి తిరుగుతుంటే పక్కవాళ్ళ మాట వినపడదు. అక్కడ కూడా ఎవరి వెనక నుంచి వెళ్ళినా, "వస్తున్నా, నేనే" అంటుంది. ఆడవాళ్ళు ఆమెకి వస్తున్నమ్మ అని పేరు పెట్టారు. "వస్తున్నమ్మా, వచ్చావా?" అని నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వాల్సిన చోటు ఆమెకి తెలుసు.

పదకొండు నెలల కిందట మాజీ సైనికుల ఆస్పత్రికి కొత్త డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆమె భర్తతో గంటసేపు మాట్లాడి, తర్వాత ఆమెని పిలిచి నీలం అట్ట పుస్తకం ఒకటి ఇచ్చాడు. రోజుకో పేజీ. పేజీకి నాలుగు గడులు: ఉలికిపాటు, కోపం, పీడకల, ఇతరం. "మీరు ఇంట్లో ఉండే మనిషి కాబట్టి మీరే రాయాలి మేడమ్. జరిగింది జరిగినట్టు రాయండి. జరగనిది రాయకండి" అన్నాడు. ఆమె తల ఊపింది. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

మొదటి వారం రెండుసార్లు రాసింది. మూడో వారం ఒకటి. ఆ తర్వాత రాయడానికి ఏమీ మిగల్లేదు. పుస్తకం చేతికొచ్చాక ఆమె ఇంకా జాగ్రత్త పడింది. గడి నింపాల్సి వస్తే అది తన తప్పులాగే తోచేది. చెంచా జారిందంటే జార్చింది తనేగా. అందుకని ఇంకాస్త ముందు లేచింది, ఇంకాస్త మెల్లగా నడిచింది. సాయంత్రం వంట దించి, పుస్తకం తీసి, నాలుగు గడుల్లోనూ "లేదు" అని రాసేది. లేదు, లేదు, లేదు, లేదు. ఆ లేదు వెనక పొద్దుటి నుంచి ఎంత పని జరిగిందో రాయడానికి ఆ పుస్తకంలో గడి లేదు. ఉండాలని కూడా ఆమెకి తోచలేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం ఇంటికి ముగ్గురు వచ్చారు. అత్తగారు, బావగారు, వాళ్ళతో పాటు ఆయనతో కలిసి పనిచేసిన మీసాల సార్జెంటు. అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. నెలకోసారి వచ్చి చిన్నకొడుకుని పైనుంచి కిందికి చూసి, కోడలు ఎంత చిక్కిపోయేలా చేసిందో చెప్పి వెళ్తుంది. సార్జెంటు సంతోషంగా ఉన్నాడు. పెద్ద గోదాముల కంపెనీ ఒకటి కాపలాకి మనుషుల్ని తీసుకుంటోందట. సైన్యంలో చేసినవాళ్ళే కావాలట. ఒక్కటే షరతు: సొంత తుపాకీ ఉండాలి. తుపాకీకి లైసెన్సు కావాలి. లైసెన్సుకి ఆస్పత్రి కాగితం కావాలి, మనిషి కుదురుగా ఉన్నాడని. ఆ కాగితం మీద డాక్టరు సంతకం కింద ఇంట్లోవాళ్ళ సంతకం ఉండాలి.

"ఇంకేం, డాక్టరు మొన్ననే అన్నాడుగా, చాలా బాగున్నావని" అన్నాడు బావగారు తమ్ముడితో.

"అన్నాడు. పుస్తకం చూసే అన్నాడు" అన్నాడు ఆయన. మనిషి నిటారుగా కూర్చున్నాడు. ఆ రోజు గడ్డం గీసుకున్నాడు కూడా.

ఆమె గుమ్మం దగ్గర నిలబడి, "తుపాకీ ఇంట్లోనే ఉంటుందా అన్నయ్యగారూ?" అని సార్జెంటుని అడిగింది.

"మరెక్కడ ఉంటుంది చెల్లెమ్మా? డ్యూటీకి తీసుకెళ్ళడం, ఇంటికి తెచ్చుకోవడం. మన గొడుగు మనం తెచ్చుకోమూ, అలాగే."

"తుపాకీ వాడికి కొత్తా ఏమ్మా?" అన్నాడు బావగారు. "పదిహేడేళ్ళు పక్కలో పెట్టుకుని పడుకున్నాడు."

"నీతో కంటే దాంతోనే ఎక్కువ కాలం కాపురం చేశాడు" అంది అత్తగారు. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు. నవ్వాక తల్లి ఊరుకోలేదు. "నా కొడుకు గుండ్రాయిలా ఉన్నాడు. నువ్వే వాడి చుట్టూ పిల్లిలా తిరిగి తిరిగి వాణ్ణి రోగిని చేసి కూర్చోబెట్టావు. ఒక్క సంతకం పడేస్తే వాడి బతుకు వాడు బతుకుతాడు."

"ఆవిడకి నన్ను వదిలి ఉండటం కష్టమే అమ్మా" అన్నాడు ఆయన. "పని నుంచి వచ్చి గుక్కెడు నీళ్ళు తాగదు, నాలుగయ్యేసరికి నడకకి పదండి పదండి అంటూ నన్ను లాక్కుపోతుంది. ఆరు నెలలుగా ఒక్క రోజు మానలేదు. ఏమోయ్, నేను డ్యూటీకి పోతే ఎవరితో నడుస్తావు?"

ఆ మాటలో ముద్దు ఉంది. అది ఆమె చెవిలో పడింది. పడి అక్కడే ఆగిపోయింది, లోపలికి దిగలేదు. ఇదివరకు ఇలాంటి మాట అంటే ఒళ్ళంతా వెచ్చబడేది. ఎప్పటి నుంచి మానేసిందో గుర్తు చేసుకుందామని చూసింది. గుర్తు రాలేదు. "టీ పెడతాను" అని వంటింట్లోకి వెళ్ళింది. ఆమె ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అని అక్కడ తేల్చుకున్నారు. ఆ ఇంట్లో ఆమె మౌనానికి ఎప్పుడూ అవుననే అర్థం.

ఆస్పత్రికి వెళ్ళాల్సింది శనివారం. మధ్యలో ఐదు రోజులు. ఆ ఐదు రోజులూ ఆయన వేరే మనిషి అయ్యాడు. ఉన్న మూడు చొక్కాలూ తీసి చూసుకున్నాడు. బూట్లకి పాలిష్ పట్టాడు. "కార్ఖానాలో ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తావు, నాదీ ఒకటి చెయ్యి. కాలరు నిలబడాలి" అన్నాడు. ఆమె చేసింది. కాలరు నిలబడింది. ఆయన అద్దం ముందు నిలబడి, "పది నెలలుగా ఒక్కటి లేదోయ్. నాకే నమ్మబుద్ధి కావట్లేదు. పుస్తకం తిరగేసి చూసుకున్నా. అంతా నీ చేతిరాతే" అన్నాడు. అది నిజం. అంతా ఆమె చేతిరాతే. ఆ మనిషి కళ్ళలో నాలుగేళ్ళలో ఎన్నడూ లేని వెలుగు ఉంది. దాన్ని చూసి సంతోషం కలగాలి. లేదా ఏడుపైనా రావాలి. ఆమె రెండింటి కోసమూ కాసేపు ఎదురుచూసి, రాకపోయేసరికి, ఇస్త్రీపెట్టె వైరు చుట్టి పైన పెట్టింది.

తుపాకీ ఎక్కడ పెట్టాలా అని ఆలోచించింది. ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా అది ఎక్కడ ఉండాలో చూసుకోవాల్సింది తనే కదా. బీరువా మీద పెడితే దుమ్ము పడుతుంది. గది మూల పెడితే పాప పుస్తకాల బల్ల పక్కన అవుతుంది. బీరువాకీ గోడకీ మధ్య సందు ఉంది, అక్కడ సరిపోతుంది. గుడ్డ తొడుగు ఒకటి కుట్టాలి. ఇలా ఒకటొకటీ సర్దుకుంటూ ఆమె ఆలోచన ఒక చోటికి వెళ్ళి ఆగింది. ఆ చోటు చూసి, ఆమె మళ్ళీ పనిలో పడింది.

బుధవారం కార్ఖానాలో చొక్కా చేతులు ఇస్త్రీ చేస్తోంది. పక్క బల్ల దగ్గర కాజాలు కుట్టే అక్క ఉంటుంది. మనిషి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. ఆ అక్క ఉన్నట్టుండి ముక్కు ఎగబీల్చి, "ఏదో కాలుతోందే" అంది. అని ఇటు చూసి, ఒక్క అరుపు అరిచి, మీదికి దూకి, ఆమె కుడి చేతిలోని ఇస్త్రీపెట్టె లాగేసింది. దాని అంచు ఆమె ఎడమ మణికట్టుకి ఆని ఉంది. తోలు ఊడి వచ్చింది.

"ఎంతసేపటి నుంచి పెట్టుకున్నావే తల్లీ! తెలీట్లేదూ?"

"వాసన వచ్చింది అక్కా. బట్టదేమో అనుకున్నా."

"బట్టది అనుకుందట! నీ చెయ్యి నీది కాదూ?" అక్క కొళాయి కింద ఆమె చెయ్యి పట్టి నీళ్ళు వదిలింది. "మండుతోందా?"

ఆమె చెయ్యి వంక చూసింది. మండుతూనే ఉండి ఉంటుంది. ఎక్కడో, వేరే గదిలో ఎవరికో మండుతున్నట్టు ఉంది. "మండుతోంది" అంది, అక్క కంగారు పడకుండా. సూపర్‌వైజరు వచ్చి చేతి కంటే ముందు చొక్కా చూశాడు. చొక్కాకి ఏమీ కాలేదు. "చూసుకోవాలి కదమ్మా" అని చేతిని కూడా ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

"మీ ఆయన ఇంట్లోనే ఉంటాడుగా, కట్టు ఆయన చేత కట్టించుకో. మా ఆయనైతే చెయ్యి తెగిపోతున్నా ముందు అన్నం పెట్టి తర్వాత తెంచుకోమంటాడు" అంది కాజాల అక్క. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కట్టు తనే కట్టుకుంది. ఇంటికెళ్ళాక ఆయన చూసి, "ఏమైంది?" అన్నాడు. కాలింది అంది. "జాగ్రత్త" అన్నాడు. నాలుగయింది. ఆయన్ని తీసుకుని నడకకి వెళ్ళింది.

శుక్రవారం నడక అయ్యాక ఆయన సార్జెంటుతో కలిసి లైసెన్సు దరఖాస్తు తేవడానికి వెళ్ళాడు. ఇంట్లో ఆమె, పాప ఉన్నారు. పాపకి తొమ్మిదేళ్ళు వచ్చాయి. చెయ్యి అతుక్కుంది, కాస్త వంకర ఉంది అంతే. మరొకటి కూడా ఉంది. స్కూల్లో టీచరు చీటీ పంపింది: అమ్మాయి పాఠం చదివితే మొదటి బెంచీకి కూడా వినపడదు, ఆటల్లో పడ్డా ఏడవదు, ఒకసారి ఇంటివాళ్ళు వచ్చి మాట్లాడాలి. ఆమె ఆ చీటీ చదువుతుంటే పాప మంచినీళ్ళ గ్లాసు జార్చింది. స్టీలు గ్లాసు. గచ్చు మీద పడి, మోగి, దొర్లి, గోడకి కొట్టుకుని మళ్ళీ మోగింది.

పాప రెండు చేతులతో తన నోరు మూసుకుంది. ఆమె చీటీ పట్టుకున్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. తల్లీ కూతుళ్ళిద్దరూ కొయ్యబొమ్మల్లా నిలబడి, వెనక గది వైపు చెవులు పెట్టారు. గ్లాసు దొర్లడం ఆగింది. ఇంకా నిలబడ్డారు. వెనక గదిలో ఎవరూ లేరు. ఉండరని ఇద్దరికీ తెలుసు. గంట కిందట ఇద్దరూ గుమ్మం దాకా వెళ్ళి ఆయన్ని సాగనంపారు. తెలిసి కూడా నిలబడ్డారు. చాలాసేపటికి పాప చేతులు దించి, గుసగుసగా, "నాన్న లేరు కదమ్మా" అంది.

"లేరు" అంది ఆమె. తన గొంతు కూడా గుసగుసగానే వచ్చింది. అది ఆమె విన్నది. పాప కళ్ళలోకి చూసింది. ఆ కళ్ళలో భయం లేదు. భయం ఉంటే బాగుండేది. అలవాటు ఉంది. తొమ్మిదేళ్ళ పిల్ల, తన పని తను చేసుకుపోయే మనిషిలా, వంగి గ్లాసు తీసి, కింద గుడ్డ వేసి దాని మీద పెట్టింది. గుడ్డ వెయ్యమని పాపకి ఎవరూ చెప్పలేదు.

శనివారం ఆస్పత్రికి నలుగురు వెళ్ళారు. అత్తగారినీ బావగారినీ బయట బెంచీ మీద కూర్చోమన్నారు. గది తలుపు సగం తెరిచే ఉంది. డాక్టరు నీలం పుస్తకం అందుకుని పేజీలు తిప్పాడు. తిప్పుతుంటే ముఖం వికసించింది.

"లేదు. లేదు. లేదు. చూడండి, ఎక్కడ చూసినా అదే. మా దగ్గర ముప్ఫై కుటుంబాలు ఉన్నాయి మేడమ్, ఇంత మంచి పుస్తకం ఇంకెవరిదీ లేదు" అన్నాడు. ఆయన వైపు తిరిగి చెయ్యి కలిపాడు. "అభినందనలు సార్. ఇది మీ విజయం."

"అంతా మీ చలవ డాక్టరుగారూ" అన్నాడు ఆయన. కాలరు నిలబడి ఉంది.

డాక్టరు కాగితం మీద సంతకం చేసి, ఆమె వైపు జరిపి, పెన్ను ఇచ్చి, చోటు చూపించాడు. ఆమె పెన్ను తీసుకుంది. పైన రాసి ఉన్నది చదివింది. పై వ్యక్తి ప్రవర్తనలో ఏ లోపమూ గమనించలేదని, ఆయుధం ఉంచుకోవడానికి అభ్యంతరం లేదని కుటుంబ సభ్యురాలిగా ధ్రువీకరిస్తున్నాను. ఆమె రెండోసారి కూడా చదివింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు.

"మీరు జరిగింది రాయమన్నారు" అంది ఆమె.

"అవును మేడమ్. చక్కగా రాశారు."

"జరగనివ్వకుండా ఆపింది ఎక్కడ రాయాలి?"

డాక్టరుకి అర్థం కాలేదు. భర్తకీ అర్థం కాలేదు. ఆమె పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచింది. తర్వాత చెప్పింది. అంగడిలో చీటీ చూసి సామాన్లు చదివినట్టు, ఎక్కడా పెంచకుండా, తగ్గించకుండా చెప్పింది. కుక్కరు విజిలు పోలేదు, నేనే తీసి దాచాను, మూడున్నరేళ్ళుగా అన్నం గిన్నెలో వండుతున్నాను. ఇంట్లో ఫోను మోగదు, నా జాకెట్టులో పెట్టుకుంటాను, వణికితే బయటికి వెళ్ళి మాట్లాడతాను. పక్కింటి బండి వీధి చివర స్టార్టు అవుతుంది. ఎదురింటివాళ్ళ పిల్లాడి పుట్టినరోజుకి బుడగలు కడతారని తెలిసి, ఆ రోజు ఈయన్ని వాళ్ళ అన్నగారింటికి పంపాను. పాప పుట్టినరోజు చెయ్యడం మానేశాం. పొద్దున ఈయన్ని లేపాలంటే గుమ్మం దగ్గర నిలబడి మూడుసార్లు పిలుస్తాను, మొదటి ఏడాది దగ్గరికెళ్ళి లేపితే గొంతు పట్టుకున్నారు, తర్వాత నాలుగు రోజులు మెడకి గుడ్డ చుట్టుకుని పనికి వెళ్ళాను. పాప చెయ్యి మెట్ల మీంచి పడి విరగలేదు. మా ఇంటికి మెట్లు లేవు.

డాక్టరు ఎప్పుడు రాయడం మొదలుపెట్టాడో గానీ రాస్తున్నాడు.

"మా వెనకాల ఇల్లు కడుతున్నారు. రాళ్ళు కోసే మిషను పెట్టారు. మేస్త్రీ కాళ్ళావేళ్ళా పడితే, కోత పని నాలుగు తర్వాత పెట్టుకుంటానన్నాడు. నాలుగింటికి నేను వచ్చి ఉంటాను కాబట్టి ఈయన్ని చెరువు గట్టుకి తీసుకుపోతాను. ఆరింటికి వాళ్ళు మిషను ఆపుతారు. అప్పుడు తీసుకొస్తాను."

ఆయన తల ఎత్తాడు. "నడక అందుకా?"

"అందుకే."

"నీకు నడవడం ఇష్టమనుకున్నా."

"పొద్దుటి నుంచి నిలబడే ఉంటానండీ. నాకు కాళ్ళు లాగుతాయి."

ఆయన ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆరు నెలల సాయంత్రాలు ఆయన దగ్గర నుంచి ఆమె ఒక్కమాటతో తీసేసుకుంది. అది ఆమెకి తెలుసు. ఆయన దగ్గర దాచుకోవడానికి ఉన్నవి అవే అని కూడా తెలుసు.

"ఇదంతా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు మేడమ్?" అన్నాడు డాక్టరు.

"మీరు మాటలు ఈయన్ని అడిగారు. నన్ను పుస్తకమే అడిగారు."

సగం తెరిచిన తలుపు పూర్తిగా తెరుచుకుంది. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "మొగుడి నోటికాడి కూడు తీసేశావే! నలుగురిలో పిచ్చివాణ్ణి చేశావే! వాడు బాగయ్యాడని ఊరంతా అంటుంటే నీ కళ్ళలో నిప్పులు పోసుకున్నావు!" అంది. బావగారు వచ్చి తల్లి భుజం పట్టుకున్నాడు. డాక్టరు లేచి, పెద్దావిడకి రెండు ముక్కలు మెల్లగా చెప్పి, తలుపు వేసి వచ్చాడు.

వచ్చి కాగితం తీసి రెండుగా చింపాడు. చింపుతూ ఆమె ముఖం చూడలేదు. ఆరు వారాలు ఆయన్ని ఇక్కడే ఉంచుదాం అన్నాడు. చప్పుళ్ళకి దూరంగా దాచడం కాదు, చప్పుళ్ళ మధ్య ఉండటం మెల్లమెల్లగా నేర్పే పద్ధతి ఉంది, ఇక్కడ ఆరుగురు ఆ పని మీదే ఉన్నారు అన్నాడు. "ఈ ఆరు వారాలూ మీరు విశ్రాంతి తీసుకోండి. తిరిగొచ్చాక మళ్ళీ మీ సహాయం ఉండనే ఉంటుంది కదా" అన్నాడు.

"ఉండదు" అంది ఆమె.

"అంటే?"

"అన్నం వండుతాను. మాట్లాడతాను. ఇష్టమైతే నడుస్తాను. ఇప్పుడు చెప్పినవి మాత్రం చెయ్యను. చెయ్యలేక కాదు. నాలుగేళ్ళు చేశాను కాబట్టి చెయ్యగలనని తెలుసు. చెయ్యను."

"మరి అవి ఎవరు చూసుకుంటారు?"

"అది మీరూ ఆయనా కూర్చుని రాసుకోండి. పుస్తకంలో ఇంకా పేజీలున్నాయి."

నీలం పుస్తకాన్ని భర్త ముందుకి జరిపింది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. పక్కకి నెట్టనూ లేదు.

చేర్చుకోవడానికి కాగితాలు రావాలి, కాసేపు బయట కూర్చోమన్నారు. బావగారు తల్లిని తీసుకుని వెళ్ళిపోయాడు. పొడుగాటి వసారాలో బెంచీ మీద ఇద్దరే మిగిలారు. ఎదురుగా ఒక ముసలాయన చక్రాల కుర్చీలో నిద్రపోతున్నాడు. ఆయన పక్కన ఆయన భార్య, నిద్రపోకుండా కూర్చుని ఉంది. భర్త వాళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"ఇంట్లోనే నాతో చెప్పొచ్చుగా. ఆ కుర్రాడి ముందు చెప్పాలా?"

"ఇంట్లో చెబితే మీకు వినపడేదా?"

ఆయన ఆలోచించాడు. వినపడేది కాదని ఆయనకీ తెలుసు. మోకాళ్ళ మీద అరచేతులు రుద్దుకున్నాడు. తర్వాత, ఆమె వైపు చూడకుండా, చిన్న గొంతుతో అడిగాడు.

"తుపాకీతో నిన్నూ పాపనీ ఏమన్నా చేస్తానని భయపడ్డావా?"

ఈ మాటకి ఏదో ఒకటి చెప్పి సర్దెయ్యొచ్చు. నాలుగేళ్ళుగా ఆమె అలాగే సర్దేసింది. ఇప్పుడు లోపల వెతికి చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

"లేదు. భయం వెయ్యలేదు. ఎక్కడ పెట్టాలా అని ఆలోచించా. బీరువా పక్కన సందులో పెట్టుకున్నట్టు అనుకున్నా. ఒకరోజు మీరు తెలీకుండా అది నా మీదికి ఎత్తినట్టు కూడా అనుకున్నా. అప్పుడు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య, రేపు పొద్దున లేవక్కర్లేదు అనిపించింది. అందుకని చెప్పాను."

ఆయన ఆమె వైపు తిరిగాడు. ఆమె లేచి నిలబడి, చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఈ ముక్క డాక్టరుకి ఇంకా చెప్పలేదు. మీరు ఇక్కడే కూర్చోండి" అని, ఒక్కతే మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళింది.